తలుపిచ్చిన తమ్ముడు

"...మంచం ఇచ్చావు, ఊరుకున్నాను. ఫ్యాను ఇచ్చావు, ఊరుకున్నాను. తలుపు ఇవ్వడం ఏంట్రా?"

"ఇవ్వలేదక్కా, వాడుకోమన్నానంతే."

"వాడుకుని తెచ్చివ్వడానికి అదేమన్నా గొడుగా?"

దుకాణం ముందు నిలబడ్డ ఒకావిడ చేతిలో తాళం బిగుసుకుపోయిన సూట్‌కేసు ఉంది. మాటలు లోపలి మెట్ల మీదనుంచి వస్తున్నాయి. వెళ్లిపోయి మళ్లీ రావాలా, ఇక్కడే ఉండాలా అని ఆవిడ కాసేపు తటపటాయించి, ఉండటానికే నిశ్చయించుకుంది. ఇలాంటి గొడవను సగంలో వదిలేసి పోతే తిన్నది అరగదు.

గొడవలో న్యాయం అక్క వైపే ఉంది. మేడ మీద తమ్ముడి గదికి నిన్నటిదాకా తలుపు ఉండేది, ఇవాళ లేదు. పక్క సందులో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన ఇంటి తలుపుకు చెదలు పట్టి, కింది సగం పిండిలా రాలిపోయింది. పోనీ ఆయన అడిగాడా అంటే అదీ లేదు. చొక్కాలు మడతపెడుతూ, ఈ రోజుల్లో మంచి తలుపు దొరకడం ఎంత కష్టమో చెప్పుకున్నాడు. తమ్ముడు విన్నాడు. విన్నాక ఊరుకోవడం అతనికి చేతకాదు. అక్క భోజనం చేసి కునుకు తీస్తున్న వేళ చూసి, ఆమె స్క్రూడ్రైవరుతోనే మడతబందులు ఊడదీశాడు. ఇస్త్రీ ఆయన తల వైపు, తను కాళ్ల వైపు పట్టుకుని తలుపును మెట్లు దింపారు. దానికున్న తాళం కూడా దానితోపాటే పోయింది. అది కొన్న తాళం కాదు. చేతుల్లో సత్తువ ఉన్న రోజుల్లో, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, ఒక్కొక్క ముక్కా అరగదీసి అక్క చేసుకున్న తాళం.

తాళాల దుకాణం పైన తలుపు లేని గది. వీధి నవ్వుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

తమ్ముడి వాదన తమ్ముడికీ ఉంది. ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉండేది కదా, తీసి ఉండే తలుపు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అన్నాడు. ఆ మాటకు అక్క ఇంకా ఒళ్లు మండి, దబదబా మెట్లు దిగి వచ్చి సూట్‌కేసు అందుకుంది. సన్నటి కడ్డీ ఒకటి తాళంలోకి పోనిచ్చి, చెవి ఆనించి విని, చిన్నగా తిప్పింది. తెరుచుకుంది.

"మీ తమ్ముడుగారా?" అంది సూట్‌కేసావిడ, మర్యాదగా.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టి ఏం లాభం? అందరిళ్లలో దొంగ బయటినుంచి లోపలికొస్తాడు. మావాడు లోపలుండి బయటికి మోస్తాడు."

ఆమెను వీధంతా తాళాలక్క అంటుంది. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అలాగే అంటారు. తాళాల పని ఆమెకు తండ్రి ఇచ్చింది, అదీ కావాలని ఇచ్చింది కాదు. ఆయన కొడుక్కే నేర్పాలనుకున్నాడు. మంచిరోజనుకున్న ఒకరోజు పొద్దున్నే కొడుకును బల్ల దగ్గర కూర్చోబెట్టి, చేతిలో ఇనుము అరగదీసే ఆకురాయి పెట్టి, మొదటి పాఠం చెప్పాడు. తాళం అంటే కాదనడంరా, సరైన తాళంచెవి వచ్చేదాకా రాజొచ్చినా కాదనాలి అన్నాడు. కొడుకు వెంటనే, మరి సరైన చెవి లేనివాళ్లు పాపం ఏం చేస్తారు నాన్నా అని అడిగాడు. తండ్రి ఆ ఆకురాయిని మెల్లగా వెనక్కి తీసుకుని, లోపల గిన్నెలు తోముతున్న పెద్దకూతురిని పిలిచాడు.

పెద్దకూతురికి కాదనడం పుట్టుకతో వచ్చిన విద్య. భార్య బీరువాకు మారుతాళం చేసివ్వమని వచ్చిన మొగుళ్లను, భార్యను వెంటబెట్టుకు రమ్మని పంపేసేది. అద్దెకున్నవాళ్ల గదికి చెవి కావాలన్న ఇంటాయనలనూ అంతే. సబ్బుబిళ్ల మీద చెవి అచ్చు తీసి తెచ్చిన ఒక పెద్దమనిషికి ఆ సబ్బుతో ముఖం కడుక్కోమని సలహా ఇచ్చింది. పెళ్లయింది, భర్త పోయాడు, పిల్లలు లేరు. ఈ మూడూ ఆమె ఒకే ఊపిరిలో చెప్పేస్తుంది, విన్నవాళ్లు నాలుగో ప్రశ్న వేసే సందు లేకుండా.

తమ్ముడు స్కూలు వ్యాను నడిపాడు. పిల్లలు అతనికి సరే మావయ్య అని పేరు పెట్టారు. కిటికీ పక్కన సీటు కావాలన్నా సరే, బడి గేటు దాటి ఇంకో చుట్టు తిప్పమన్నా సరే. ఆ పిల్లలు పెరిగి పిల్లల తల్లులూ తండ్రులూ అయ్యారు, పేరు మాత్రం మారలేదు. వయసులో ఉన్నప్పుడు అతను ఇష్టపడ్డ అమ్మాయినే స్నేహితుడూ ఇష్టపడి, నోరు తెరిచి చెబితే, సరే అనడమే కాక పెళ్లికి తన వ్యాను కూడా ఇచ్చాడని ఊళ్లో ఒక మాట ఉంది. అందులో సగం అబద్ధం. వ్యాను స్కూలుది, అది ఇవ్వలేదు.

కింద దుకాణం, పైన రెండు గదులు తండ్రి కట్టినవి. ఆయన ఇల్లంతా పెద్దకూతురి పేరనే పెట్టాడు. చివరి రోజుల్లో కొడుకు వైపు కళ్లు తిప్పి, "వాడు జాగ్రత్త" అన్నాడు. ఆయన రాసిన వీలునామా అంటే ఆ రెండు మాటలే. ఇన్నేళ్లూ ఆమె వాటిని అక్షరం పోకుండా అమలు చేస్తూ వచ్చింది. మంచం పోతే మంచం కొంది. చెప్పులు పోతే చెప్పులు కొంది. ఇప్పుడు తలుపు కూడా కొనగలదు. కానీ సూట్‌కేసావిడ వెళ్లిపోయాక బల్ల ముందు కూర్చుంటే ఒక ఆలోచన వచ్చి పడింది. తను ఉండగానే తలుపు పోయింది. తను పోయాక?

లెక్క వేసుకుంది. మొదటి నెలలోనే ఎవరో వచ్చి, ఈ రోజుల్లో మంచి ఇల్లు దొరకడం ఎంత కష్టమో చెప్పుకుంటారు. వీడు వింటాడు. ఆ తర్వాత వీడు చాప చుట్టుకుని ఏ అరుగు మీద పడుకుంటాడో, అక్కడ కూడా పక్కవాడికి సగం చాప ఎలా ఇస్తాడో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. మర్నాడు దుకాణానికి తాళం వేసి లాయరు దగ్గరకు వెళ్లింది.

లాయరు ఆఫీసు మందుల షాపు పైన. కుర్చీలు బాగున్నాయి, పంకా బాగుంది, మనిషి కూడా నిదానస్తుడు. కాగితాల బీరువాకు వేసిన తాళం మాత్రం దువ్వెన పన్నుతో తెరుచుకునే రకం. ఆమె దానివైపే చూస్తూ విన్నది. వీలునామా అంటే మనిషి పోయాక చెల్లే మాట అని లాయరు వివరించాడు. ఉన్నన్నాళ్లూ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. పోయాక ఇల్లు తమ్ముడిది, ఏం చేసుకుంటాడో అతని ఇష్టం. ట్రస్టులో అలా కాదు. ఆస్తి ఒకరి చేతిలో ఉంటుంది, దాని మేలు ఇంకొకరికి అందుతుంది. చేతిలో పెట్టుకున్నవాళ్లను ధర్మకర్త అంటారు. తమ్ముడు బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో ఉంటాడు, కానీ అమ్మలేడు, తాకట్టు పెట్టలేడు, ఇంకొకరికి రాసివ్వలేడు.

"తలుపు ఇవ్వలేడా?" అని అడిగింది తాళాలక్క.

ఎందుకడిగిందో అర్థం కాకపోయినా లాయరు, తలుపు కూడా ఇంట్లో భాగమేనండీ అన్నాడు. ఆమె ముఖం మొదటిసారి విప్పారింది.

"అయితే వీలునామా అంటే తాళంచెవి వాడి చేతిలో పెట్టి పోవడం. ట్రస్టంటే పక్కింట్లో ఇచ్చి పోవడం. అంతేనా?"

అంతేనన్నాడు లాయరు. ఆ మాట మిగతావాళ్లకు చెప్పడానికి బాగుంటుందని కాబోలు, కాగితం మీద రాసుకున్నాడు కూడా. ట్రస్టును ఇప్పుడే మొదలుపెట్టవచ్చని, లేదా వీలునామాలోనే రాసి, ఆమె తర్వాత మొదలయ్యేలా పెట్టవచ్చని కూడా చెప్పాడు. ఎలా పెట్టినా ముందు తేలవలసింది ఒకటే: ధర్మకర్త ఎవరు?

ఇక్కడ వచ్చింది చిక్కు. ఎవరినీ నమ్మకపోవడం ఆమెకు ఆకురాయి లాంటిదే, పనిముట్టు. ఆ పనిముట్టు పక్కన పెట్టి మనిషిని ఎంచుకోవడం ఎలాగో ఆమెకు తెలియదు. ఇంటికి వెళ్లే దారిలో ఒక్కొక్కరినీ తలుచుకుంది, వాళ్ల ముఖాలకంటే ముందు వాళ్ల తాళాలు గుర్తొచ్చాయి. వీధి చివరి డాక్టరు మంచివాడే, కానీ కారు చెవి కారులోనే పెట్టి తలుపేసుకుని ఎప్పుడూ ఆమెకే కబురు పెడతాడు. ఎదురింటి మాస్టారు చెవిని పూలకుండీ కింద దాస్తారు, దాచిన సంగతి దారిన పోయేవాళ్లందరికీ చెబుతారు. లాయరునే అడుగుదామా అంటే ఆ బీరువా ఒకటి. జల్లెడ పట్టగా పట్టగా మిగిలింది చెల్లెలి కూతురు. ఆ అమ్మాయి ఒక పెద్ద ఆఫీసులో లెక్కలు చూస్తుంది. ఇంటి చెవులన్నీ ఒకే కడియానికి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టి పెట్టుకుంటుంది. ఎవరి చెవైనా ఎవరికైనా ఇస్తే తిరిగొచ్చేదాకా మర్చిపోదు.

సెలవు రోజున ఆ అమ్మాయి తన చిన్నకూతురిని తీసుకుని వచ్చింది. పిల్ల వస్తూనే తాతా అంటూ తమ్ముడి ఒళ్లోకెక్కి, మెడలోని కండువా అడిగి పుచ్చుకుంది. తాళాలక్క సంగతంతా చెప్పింది. లాయరు మాటలను తన మాటల్లోకి మార్చి చెప్పింది కాబట్టి అన్నీ తాళాలూ చెవులే దొర్లాయి, అయినా అమ్మాయికి అర్థమైంది. అందులో ఆలోచించడానికేముంది పెద్దమ్మా, నేను చూసుకుంటాను అంది.

తమ్ముడు మెట్టు మీద కూర్చుని అంతా విన్నాడు.

"ట్రస్టంటే నమ్మకం కదమ్మా?" అన్నాడు మేనకోడలితో.

"అవును మావయ్యా."

"మరి నమ్మకం లేదని రాసుకునే కాగితానికి ఆ పేరెవరు పెట్టారు?"

అమ్మాయి పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు. నీ మీద నమ్మకం లేదని ఎవరన్నారురా, నీ చుట్టూ ఉన్నవాళ్ల మీద లేదు అంది. మేనకోడలు తమ్ముడి పక్కకు వచ్చి కూర్చుని, ఏం భయం లేదు మావయ్యా, గోడలకు సున్నం కావాలన్నా, కుళాయి పాడైనా, ఏది కావాలన్నా ఒక్క మెసేజ్ పెట్టు చాలు, నేను కాదంటానా అంది. మనసులో మాటే అంది. కాగితాలయ్యేలోగా అలవాటు కూడా అవుతుందని, ఆ తలుపుతోనే మొదలుపెడదామంది. గుమ్మం కొలతలు తీసి పంపితే వడ్రంగిని తను మాట్లాడుతుంది, పెద్దమ్మ ఇందులో కలగజేసుకోకూడదు.

తమ్ముడు సరే అన్నాడు. ఇన్నేళ్లుగా విన్న సరేల్లో ఈ సరే ఎందుకో సరిగ్గా పడలేదనిపించింది తాళాలక్కకు. లోపలి లివరు మీట పూర్తిగా లేవకముందే చెవి తిరిగిన తాళంలా ఉంది. కానీ మనుషుల మాటలకు నూనె వేసి చూడలేం కదా.

వారం తిరిగేసరికి వాన వచ్చింది. ఆషామాషీ వాన కాదు, ఏటవాలుగా కొట్టే వాన. పొద్దున్నే ఆమె మెట్లెక్కి చూస్తే, తమ్ముడు డాబా మీద పరుపును పిట్టగోడకు ఆరేసి, దుప్పటి ఒక కొస ఇనుపచువ్వకు కట్టి, రెండో కొస పట్టుకుని నీళ్లు పిండుతూ కూనిరాగం తీస్తున్నాడు. తలుపు లేని గుమ్మంలోంచి వాన గదిలోకి వచ్చి కాపురం పెట్టింది. నేల మీద నీళ్లు, నీళ్ల మీద చెప్పులు.

రెయిన్‌కోటైనా కప్పుకోకపోయావా అంటే, అది నర్సమ్మ బండి మీద కప్పానన్నాడు. వెనకింట్లో ఉండే నర్సు తల్లిని చూడటానికి ఊరికి వెళ్తూ, స్కూటరునూ దాని చెవినీ అతనికి అప్పగించి వెళ్లింది. తడిస్తే మొండికేస్తుందక్కా అన్నాడు. అక్కకు అప్పుడు ధ్యాస దాని మీద లేదు. ఈ వారమంతా వడ్రంగి ఎందుకు రాలేదా అని ఆలోచిస్తోంది.

"కొలతలు పంపావా?"

అతను దుప్పటిని ఇంకొంచెం గట్టిగా పిండాడు. ఆమె కిటికీలో ఉన్న ఫోను తీసి చూసింది. మెసేజ్ ఉంది. కొలతలన్నీ ఉన్నాయి, వెడల్పు, ఎత్తు, చెక్క మందం, ఏ వైపుకి తెరుచుకోవాలో కూడా. రాసిన మనిషి పంపలేదంతే.

"దానికి ఆఫీసు, పిల్ల, నూరు పనులు..." అన్నాడు తమ్ముడు.

"అది నిన్ను అడగమంది కదరా. నోరు తెరిచి మరీ చెప్పింది కదా."

"చెప్పింది." దుప్పటి కొస వదిలేశాడు. అది విచ్చుకుని అతని కాళ్ల మీద నీళ్లు చల్లింది. "నాకు ఇవ్వడం వచ్చక్కా. అడగడం రాదు. రోజూ రాస్తున్నాను, పంపబోతే చెయ్యి రావడం లేదు."

అక్క తడి మెట్టు మీదే కూర్చుండిపోయింది. జ్ఞాపకాల్లో వెనక్కి వెళ్లి వెతుక్కుంది. వీడు తనను ఎప్పుడైనా ఏదైనా అడిగాడా? చిన్నప్పుడు బూట్లు బిగుతై, మడమలు బయటికి పెట్టుకుని, బూట్ల మీద నిలబడినట్టు బడికి వెళ్లేవాడు. నాన్న చూసేదాకా ఎవరికీ చెప్పలేదు. మంచం ఇచ్చేసినప్పుడు కూడా కొత్త మంచం కావాలనలేదు. తనే చూసి, తిట్టి, కొంది. చెప్పులూ అంతే, ఫ్యానూ అంతే. చూడటం తన పని, తిట్టడం తన పని, కొనడం తన పని. రేపు ధర్మకర్త ఊళ్లో ఆ మూల ఉంటుంది. ఎంత మంచి పిల్లైనా, అడగనిదే ఆ మూలనుంచి దానికేం కనిపిస్తుంది?

ఇల్లు వీడికి రాసి పోతే వీడికి ఇల్లుండదు. ఇంకొకరి చేతిలో పెట్టి పోతే ఇల్లుంటుంది, అందులో వీడు తడుస్తూ, ఆకలేసినా పలకకుండా కూనిరాగం తీస్తూ ఉంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడ్డవాడేమో దుప్పటి ఆరేసుకుంటున్నాడు.

ఆమె లాయరుకు ఫోను చేసి, కాగితాలు ఇప్పుడప్పుడే వద్దంది. వడ్రంగికి తనే కబురు పెట్టింది. కొత్త తలుపు వచ్చింది, దానికి తాళం బిగించింది. ఆ నాలుగు రోజులూ తమ్ముడితో పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడకపోతే అతను భయపడి, దుకాణం ఊడ్చి, నీళ్లు పట్టి, పాత తాళాలకు నూనె కూడా వేశాడు. తెరవకూడని రెండు తాళాలు దానివల్ల తెరుచుకున్నాయి.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆమె బల్ల దగ్గర కూర్చుని ఒక చెవిని అరగదీస్తోంది. వెనక సందులోంచి మాటలు వినిపించాయి. ఇస్త్రీ ఆయన గొంతు. ఏదో హోటలువాళ్ల దుప్పట్లు మూట కట్టి ఉన్నాయట, దూరమట, స్కూటరు మీదైతే గంటలో పడేసి వస్తాడట. ఆయన ఈసారి చుట్టూ తిప్పకుండా సూటిగానే అడిగాడు. తాళాలక్క నిట్టూర్చి, సరే అనే మాట కోసం ఎదురుచూసింది.

"నాదైతే తీసుకుపో. ఇది నర్సమ్మది," అన్నాడు తమ్ముడు.

"నర్సమ్మ ఏమీ అనుకోదులే. నాకు తెలీదా ఆవిడ సంగతి?"

"ఆవిడ అనుకోదు. నేను అనుకుంటాను."

"తలుపే ఊడదీసి ఇచ్చావు. గంటసేపు బండికి ఇంత బెట్టా?"

"తలుపు మాదయ్యా. ఇది నాకు అప్పజెప్పింది. వీల్లేదు."

అక్క చేతిలో ఆకురాయి ఆగిపోయింది. ఇస్త్రీ ఆయన ఇంకో రెండు మూడు రకాలుగా చెప్పి చూశాడు. మొదట బతిమాలాడు, తర్వాత నిష్ఠూరమాడాడు, చివరికి నవ్వులాటలోకి దింపాడు. ప్రతిదానికీ తమ్ముడు అంతే మెత్తగా, అంతే చల్లగా వీల్లేదన్నాడు. కావాలంటే మూట నేను మోసుకొస్తాను పద అన్నాడు. ఆ మాట ప్రకారం ఇద్దరూ చెరో మూట నెత్తిన పెట్టుకుని సందు దాటి వెళ్లిపోవడం ఆమె చూసింది. స్కూటరు మాత్రం రెయిన్‌కోటు కప్పుకుని పెళ్లికూతురిలా కదలకుండా ఉంది. వాన వెలిసి ఎన్నాళ్లో అయింది.

ఒక్కసారి పడినంత మాత్రాన తాళం మంచిదని ఆమె ఎన్నడూ చెప్పలేదు. వేసి చూడాలి, లాగి చూడాలి, తప్పుడు చెవి పెట్టి చూడాలి. మర్నాడు తయారై వచ్చి, బజారుదాకా ఆ బండి మీద దింపరా, మోకాళ్లు లాగేస్తున్నాయి అంది. తమ్ముడు ఆమె మోకాళ్ల వైపు చూశాడు, బండి వైపు చూశాడు. ముఖం పాపం చిన్నబోయింది.

"ఆటో పిలుస్తానక్కా," అన్నాడు.

"సొంత అక్కకు కూడానా?"

"కోప్పడకు. కూర్చుని ఉండు, క్షణంలో తీసుకొస్తాను."

అతను ఆటో కోసం వీధి చివరికి పరుగులాంటి నడకతో వెళ్లాడు. ఆమె అరుగు మీద కూర్చుని అతని వీపు వైపే చూసింది. అరవై ఏళ్లు పక్కనే పెట్టుకుని, ఈ తాళం ఏ వైపుకి తిరుగుతుందో తనకు తెలియలేదు. ఆటో వచ్చాక బజారుకు కాదని, లాయరు ఆఫీసుకు పోనిమ్మంది. తమ్ముడిని కూడా ఎక్కమంది. దారిలో చెల్లెలి కూతురికి ఫోను చేయించి, సెలవైనా కాకపోయినా పిల్లను తీసుకుని అక్కడికి రమ్మంది. ఎందుకని అమ్మాయి అడిగితే, సంతకం పెట్టడానికైతే కాదు, వినడానికి అంది.

లాయరు కంగారుపడలేదు. రెండు చిత్తుప్రతులు ముందే రాసి పెట్టుకున్నాడట, ఒకటి వీలునామా, ఒకటి ట్రస్టు. రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. అమ్మాయి ఆఫీసు బట్టల్లోనే వచ్చింది, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తమ్ముడు తలుపు దగ్గర కుర్చీ ఖాళీగా ఉన్నా, ఎవరైనా వస్తారేమోనని నిలబడే ఉన్నాడు. కూర్చోరా అంది అక్క. కూర్చున్నాడు.

అమ్మాయి ముందుగా, తప్పు తనదేనని, మావయ్య అడగలేకపోతున్నాడని తెలిస్తే తనే వారం వారం వచ్చి చూసేదాన్నని చెప్పబోయింది. తాళాలక్క ఆ మాటను చేత్తోనే ఆపింది. తమ్ముడు, నా కోసం ఇంత రాతకోతలెందుకక్కా, ఎలా రాసినా నాకు సరే అన్నాడు. ఆ మాటనూ ఆపింది. పిల్ల బల్ల మీది కాగితాల బరువురాయి అడిగింది. లాయరు ఇచ్చాడు.

"అయితే వీలునామాయేనా?" అన్నాడు లాయరు, మొదటి ప్రతి ముందుకు జరిపి. "ఇల్లు తమ్ముడుగారి పేరన?"

"వాడి పేరన వద్దు," అంది తాళాలక్క. "వీలునామాలోనే ట్రస్టు రాయండి. ఇల్లు ఈ పిల్లది. ధర్మకర్త మా తమ్ముడు. వాడున్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉండి, పిల్ల సొత్తు పిల్లకు భద్రంగా అప్పజెప్పాలి. వాడి తర్వాత ఆ పని పిల్ల తల్లిది. కింద దుకాణం అద్దెకివ్వాలి. ఆ అద్దెతో ఇంటి బాగు చూడాలి, కాపలా మనిషి తిండీ బట్టా మందూ మాకూ కూడా అందులోంచే. దానికి వాడు ఎవరినీ అడగక్కర్లేదని విడిగా ఒక వాక్యం రాయండి."